ఎముకల్ని చూసి పాతకాలపు మనుషుల పనిని అంచనా వేయడం ఎలా

లండన్‌లోని స్పిటల్‌ఫీల్డ్స్‌లో క్రైస్ట్ చర్చి అని ఒక పాత చర్చి ఉంది. 1984 నుంచి 1986 వరకు దాని నేలమాళిగలో ఉన్న శవపేటికలను బయటికి తీశారు. వెయ్యికి కాస్త తక్కువమంది అవశేషాలు దొరికాయి. వాటిలో 387 మందికి పేరు, వయసు, చనిపోయిన తేదీ చెక్కిన రేకులు పేటికల మీదే ఉన్నాయి. ఆ పేర్లు పట్టుకుని పాత రికార్డులు వెతికితే కొందరు బతికున్నప్పుడు ఏ పని చేసేవారో కూడా తెలిసింది. ఆ పేట పట్టు నేతకు పేరుపడింది. మగ్గం ముందు జీవితమంతా గడిపినవాళ్ల చేతి కీళ్లు మిగతావాళ్ల కంటే ఎక్కువ అరిగి ఉంటాయని ఎవరికైనా అనిపిస్తుంది. టోనీ వాల్డ్రన్, మార్గరెట్ కాక్స్ అనే పరిశోధకులు లెక్క తీసి 1989లో ప్రచురించారు. నేతపనికీ, చేతి కీళ్ల అరుగుదలకీ సంబంధం కనిపించలేదు.

ఎముకల నుంచి పని గురించి తెలుసుకోవాలనుకునేవాళ్లు మొదట ఈ సంగతిని మనసులో పెట్టుకోవాలి. ఎముకకు వృత్తి పేరు తెలియదు. తన మీద ఎంత బరువు పడింది, ఏ వైపు నుంచి పడింది, ఏ వయసులో పడింది అన్నంత వరకే దానికి అందుతుంది. కాబట్టి ఎముక నుంచి కదలిక దాకా మీరు జాగ్రత్తగా నడవవచ్చు. కదలిక నుంచి వృత్తి దాకా వెళ్లాలంటే మాత్రం పక్కన ఇంకో సాక్ష్యం నిలబడాలి. పురావస్తు తవ్వకాల్లో దొరికిన అస్థిపంజరాలతో పని మొదలుపెడుతున్న విద్యార్థుల కోసం, ఈ విషయం మీద ఆసక్తి ఉన్నవాళ్ల కోసం ఆ నడక ఎలా సాగాలో వరసగా చెబుతాను.

ముట్టుకునే ముందు

బల్ల మీద ఉన్నది ఒకప్పుడు బతికిన మనిషి. ఆ అవశేషాలను చూడటానికి, కొలవడానికి, అవసరమైతే నమూనా తీయడానికి అనుమతి కాగితం మీద ఉందో లేదో ముందే చూసుకోండి. వారసులు, ఆ సమాజం వాళ్లు ఉంటే వాళ్ల మాట వినాలి. ఫోటోలు ఎక్కడ వాడవచ్చో, ఎక్కడ వాడకూడదో అప్పుడే తేల్చుకోండి.

తర్వాత తవ్వకం నోట్సు చదవండి. సమాధిలో ఏ భంగిమలో పడుకోబెట్టారు, పక్కన ఏం దొరికింది, నేల ఎలాంటిది, ఇవన్నీ చివర్లో పనికొస్తాయి. ఒక్క జాగ్రత్త: సమాధిలో దొరికిన వస్తువుల జాబితాను ఎముకలు చూసేటప్పుడు పక్కన పెట్టేయండి. కత్తి ఉందని ముందే తెలిస్తే మీ కళ్లు కుడిచేతి ఎముక మీద గుర్తుల కోసమే వెతుకుతాయి. ఇది ఎంత అనుభవం ఉన్నవాళ్లకైనా జరుగుతుంది.

పళ్లను కడగకండి. మట్టి ఉన్నా సరే బ్రష్ పెట్టకండి, చేతికి గ్లౌజులు వేసుకోండి. కారణం కింద పళ్ల దగ్గర చెబుతాను. ఈ ఒక్క పొరపాటు వల్ల పోయే సమాచారం మళ్లీ తిరిగి రాదు.

ఎముకలను శరీరంలో ఉండే వరసలో పరచండి. ఏవి ఉన్నాయి, ఏవి లేవు, ఏవి సగమే ఉన్నాయి అని రాయండి. చనిపోయాక జరిగిన నష్టాన్ని వేరు చేయడం కూడా ఇప్పుడే చేయాలి. చెట్ల వేళ్లు ఎముక మీద సన్నని గీతలు వేస్తాయి, ఎలుకలు కొరికితే జంట గాట్లు పడతాయి. తవ్వేటప్పుడు విరిగిన చోట లోపలి రంగు చుట్టుపక్కల ఎముక కంటే లేతగా ఉంటుంది. వీటిని పని గుర్తులుగా పొరబడినవాళ్లు ఉన్నారు.

వయసు, ఆడా మగా, ఒంటి పరిమాణం

ఈ మూడూ తేలకుండా పని గురించి ఒక్క మాట కూడా రాయకండి. ముఖ్యంగా వయసు. ఎముకల మీద మనం పని గుర్తులు అని పిలుచుకునే వాటిలో చాలా వరకు వయసుతో పాటు వచ్చేవే. అరవై ఏళ్ల మనిషి మోచేతి దగ్గర గరుకు, ఇరవై ఐదేళ్ల మనిషి మోచేతి దగ్గర గరుకు ఒకటి కాదు. పెద్దవాళ్లలో వయసు అంచనాకు కటి ఎముకల ముందు కలిసే తలం, వెనక త్రికాస్థితో, అంటే వెన్నెముక అడుగున ఉండే ఎముకతో, కలిసే తలం చూస్తారు. వచ్చే జవాబు ఎప్పుడూ ఒక పరిధిలోనే ఉంటుంది. దాన్ని ఒక్క అంకెకు కుదించకండి.

ఆడా మగా అన్నది కటి ఎముకను బట్టి, వీలైతే డీఎన్‌ఏ బట్టి తేల్చండి. సమాధిలో వస్తువుల్ని బట్టి ఎప్పుడూ తేల్చవద్దు. స్వీడన్‌లోని బిర్కాలో 1878లో తవ్విన ఒక వైకింగ్ సమాధిలో కత్తి, బాణాలు, గుర్రాలు ఉన్నాయి కాబట్టి అది మగ యోధుడిదే అని వందేళ్లకు పైగా అనుకున్నారు. 2017లో వచ్చిన డీఎన్‌ఏ ఫలితం అది ఆడమనిషి అని చెప్పింది. పెరూలోని విలమాయా పట్హ్‌షా అనే చోట సుమారు 9,000 ఏళ్ల నాటి సమాధిలో ఈటె మొనలతో సహా పెద్ద జంతువులను వేటాడే సామగ్రి దొరికింది. పంటి ఎనామెల్‌లోని ప్రొటీన్లు పరీక్షిస్తే ఆ మనిషి కూడా స్త్రీ అని తేలింది. వేట మగవాళ్ల పని, పిండి విసరడం ఆడవాళ్ల పని అన్న ఊహతో మొదలుపెడితే, ఎముకలో మీకు కనిపించేది మీ ఊహే.

ఒంటి పరిమాణం ఎందుకంటే, పెద్ద శరీరానికి పెద్ద ఎముకలు ఎలాగూ ఉంటాయి. తొడ ఎముక తల వ్యాసాన్ని బట్టి శరీర బరువును అంచనా వేస్తారు. ఆ అంకె తర్వాత లెక్కల్లో వస్తుంది.

ఇంకో విషయం ఇక్కడే చూసేయండి. కొందరి శరీరాలు సహజంగానే ఎక్కువ ఎముకను పుట్టిస్తాయి. వెన్నుపూసల కుడిపక్కన మైనం కారి గట్టిపడినట్టు ఎముక పేరుకుపోవడం కనిపిస్తే, దాన్ని డిష్ అనే స్థితి అంటారు. అలాంటివాళ్లలో కండరాలు అతుక్కునే ప్రతి చోటా ముళ్లలాంటి పెరుగుదల ఉండవచ్చు. ఆ అస్థిపంజరాన్ని పని విశ్లేషణ నుంచి పక్కన పెట్టడమే మంచిది.

కండరం పట్టిన చోట్లు

కండరం టెండన్ ద్వారా ఎముకకు అతుక్కునే స్థలాన్ని ఎన్‌థీసిస్ అంటారు. ఇక్కడ గట్లు, గరుకుతనం, గుంటలు, రంధ్రాలు కనిపిస్తాయి. ఇరవయ్యో శతాబ్దం చివర్లో వీటి మీద చాలా నమ్మకం ఉండేది. గట్టు ఎంత పెద్దదైతే ఆ కండరాన్ని అంత ఎక్కువ వాడినట్టు అని సూటిగా చెప్పేసేవారు. ఆ నమ్మకం ఇప్పుడు చాలా తగ్గింది, తగ్గడం న్యాయమే. ఆన్ జుమ్‌వాల్ట్ అనే పరిశోధకురాలు ఎదిగిన గొర్రెలకు 90 రోజులు బరువులు కట్టి ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తించి చూసింది. ఫలితాలు 2006లో వచ్చాయి. కండరాలు పెరిగాయి కానీ అవి అతుక్కున్న చోట ఎముక ఆకారం మారలేదు.

అయినా ఈ చోట్లను వదిలేయమని నేను చెప్పను. చూసే పద్ధతి మార్చుకోవాలి. పోర్చుగల్‌లోని కోయింబ్రా నగరం పేరుతో వచ్చిన పద్ధతి ఇప్పుడు ఎక్కువమంది వాడుతున్నారు. అది మృదులాస్థి ఉండే రకం ఎన్‌థీసిస్‌లకే పనికొస్తుంది. భుజం కీలు చుట్టూ, మోచేతి దగ్గర, మడమ వెనక ఉండేవి ఈ రకం. ఎముక నడిమి భాగంలో పొడవుగా పాకే అతుకులు వేరే రకం, వాటిని ఈ కొలబద్దతో కొలవకూడదు. అతుకును అంచు, మిగతా తలం అని రెండు మండలాలుగా విడదీస్తారు. ఒక్కో దాంట్లో కొత్త ఎముక పెరిగిందా, తినేసినట్టు ఉందా, చిన్న రంధ్రాలున్నాయా, పెద్ద రంధ్రాలున్నాయా అని విడివిడిగా స్కోరు వేస్తారు. అన్నీ కలిపి "బలమైన గుర్తు" అని ఒక్క మాటలో రాసేయడం కంటే ఇది ఎంతో మేలు.

స్కోరు వేసేటప్పుడు పెట్టె మీది నంబరు తప్ప మరేమీ మీకు తెలియకుండా చూసుకోండి. కొన్ని వారాల తర్వాత అవే ఎముకలకు మళ్లీ స్కోరు వేయండి. ఇంకొకరితో కూడా వేయించండి. మీ రెండు స్కోర్లే ఒకదానికొకటి సరిపోకపోతే, గ్రాఫులు గీయడం ఆపి స్కోరింగ్ మళ్లీ నేర్చుకోవాలి.

ఒంటరి గుర్తు కంటే గుర్తుల అమరిక ఎక్కువ చెబుతుంది. స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో వృత్తులు రికార్డయిన పందొమ్మిదో శతాబ్దపు అస్థిపంజరాలు ఉన్నాయి. వాటి చేతి ఎముకల మీద అతుకు తలాలను త్రీడీలో కొలిచి, ఏది దేనితో కలిసి పెరుగుతోందో చూశారు. బరువైన పనిముట్లను గట్టిగా పట్టుకునే పనులు చేసినవాళ్లు, బొటనవేలు చూపుడువేళ్లతో సున్నితమైన పనులు చేసినవాళ్లు రెండు వేరు అమరికలుగా కనిపించారు. నేతగాడా, దర్జీనా అన్న తేడా తెలియదు కానీ, పట్టు తేడా తెలిసింది. ఎముక నుంచి మనం ఆశించదగిన జవాబు ఆ స్థాయిదే.

ఎముకను అడ్డంగా కోసి చూడటం

నా దృష్టిలో మొత్తం పనిలో ఎక్కువ భరోసా ఇచ్చేది ఇదే, కాబట్టి ఎక్కువ సమయం దీనికి ఇవ్వండి. కోసి చూడటం అంటే నిజంగా రంపం పెట్టడం కాదు, సీటీ స్కాన్‌తో అడ్డుకోత బొమ్మ తీయడం.

ఒకే బరువున్న ఇనుముతో ఒక కడ్డీ, ఒక గొట్టం చేస్తే గొట్టాన్ని వంచడం కష్టం. పదార్థం మధ్య నుంచి ఎంత దూరంగా ఉంటే అంత గట్టిగా ఎదురు నిలుస్తుంది. ఎముక కూడా పడే బరువును బట్టి బయటి పొరలో పెరుగుతూ ఇలాగే తనను తాను మలుచుకుంటుంది. టెన్నిస్ ఆటగాళ్ల మీద 1977లో వచ్చిన అధ్యయనం దీనికి చక్కని రుజువు. రాకెట్ పట్టే చేతి హ్యూమరస్‌లో, అంటే భుజం నుంచి మోచేతి దాకా ఉండే ఎముకలో, గట్టి పొర మందం రెండో చేతి కంటే మగవాళ్లలో 34.9 శాతం, ఆడవాళ్లలో 28.4 శాతం ఎక్కువ ఉంది. ఒకే మనిషి, ఒకే తిండి, ఒకే జన్యువులు, ఒకే వయసు. తేడా ఒక్క వాడకంలోనే. రెండు చేతుల్ని పోల్చడంలో ఉన్న బలం ఇది.

చేయాల్సింది ఇలా. హ్యూమరస్ పొడవు కొలిచి, మోచేతి చివర నుంచి 35 శాతం దూరంలో అడ్డుకోత తీసుకోండి. సరిగ్గా మధ్యలో తీసుకుంటే భుజం మీది డెల్టాయిడ్ కండరం అతుకు గట్టు అడ్డం వచ్చి కొలత పాడవుతుంది. మోకాలి కింది పెద్ద ఎముక టిబియాకు నడిమధ్య సరిపోతుంది. అడ్డుకోత బొమ్మను సాఫ్ట్‌వేర్‌లో పెడితే వంపుకూ మెలికకూ ఎదురు నిలిచే శక్తి అంకెగా వస్తుంది. దాన్ని ఎముక పొడవుతో, ముందు అంచనా వేసిన శరీర బరువుతో సరిచేయండి. సీటీ అందుబాటులో లేకపోతే ఎముక చుట్టూ అచ్చు తీసి బయటి ఆకారాన్ని, రెండు దిశల్లో ఎక్స్‌రే తీసి లోపలి ఖాళీని పట్టుకోవచ్చు.

చేతుల తేడాను శాతంలో రాయండి. కుడి నుంచి ఎడమ తీసేసి, రెండింటి సగటుతో భాగించి, వందతో గుణించాలి. కుడి 112, ఎడమ 100 అనుకుంటే తేడా 12, సగటు 106, జవాబు సుమారు 11.3 శాతం. చాలామంది కుడిచేతివాటం వాళ్లే కాబట్టి కుడివైపు కాస్త ఎక్కువ రావడం మామూలే. ఆ గుంపు సగటు ఎంతో తెలిశాకే ఒక మనిషి తేడా పెద్దదా చిన్నదా అన్నది చెప్పగలరు.

తేడా లేకపోవడం కూడా సమాచారమే, రెండు చేతులూ కలిపి పనిచేసి ఉండవచ్చు. చేతి ఎముకల మొత్తం బలాన్ని ఇతరులతో పోల్చినా పని గురించి తెలుస్తుంది. మధ్య యూరప్‌లో తొలి వ్యవసాయ కాలపు ఆడవాళ్ల ఎముకలను కేంబ్రిడ్జ్ పరిశోధకులు ఈ కాలపు క్రీడాకారిణులతో పోల్చి 2017లో ప్రచురించారు. పడవ పందేల్లో తెడ్డు వేసే ఆటగత్తెల కంటే ఆ నాటి ఆడవాళ్ల చేతి ఎముకలు శరీర పరిమాణాన్ని బట్టి చూస్తే 11 నుంచి 16 శాతం బలంగా ఉన్నాయి. కాళ్ల ఎముకల్లో అంత తేడా లేదు. ఆ బలం వెనక తిరగలి రాకముందటి రాతిమీద ధాన్యం నూరడం, నేల దున్నడం, పంట కోయడం ఉండవచ్చని వాళ్లు అన్నారు. అంతకు ముందు ఆడవాళ్ల ఎముకలను మగవాళ్ల ఎముకలతోనే పోల్చేవారు, అందువల్ల వాళ్ల శ్రమ ఎప్పుడూ తక్కువగా కనిపించేది. ఎవరితో పోలుస్తున్నామన్నది ఎంత ముఖ్యమో దీన్ని చదివాక నాకు బాగా అర్థమైంది. వేల ఏళ్ల పాటు ఎవరూ రాయని శ్రమ అది.

ఈ కొలతకూ ఒక పరిమితి ఉంది. ఎముక ఎదిగే వయసులోనే పనికి ఎక్కువగా స్పందిస్తుంది. టెన్నిస్, స్క్వాష్ ఆడే స్త్రీల మీద 1995లో వచ్చిన అధ్యయనంలో, రజస్వల కాకముందే లేదా అయ్యే సమయంలో ఆట మొదలుపెట్టినవాళ్లలో రెండు చేతుల తేడా చాలా ఆలస్యంగా మొదలుపెట్టినవాళ్ల కంటే రెండు నుంచి నాలుగు రెట్లు ఎక్కువ కనిపించింది. కాబట్టి యాభై ఏళ్లకు చనిపోయిన మనిషి ఎముకలో మీరు చదువుతున్నది ఎక్కువగా పన్నెండు, పదిహేనేళ్ల వయసులో ఆ పిల్లో పిల్లాడో చేసిన పని కావచ్చు. చివరి ఇరవై ఏళ్ల వృత్తి అందులో సన్నగానే కనిపిస్తుంది.

కీళ్లు, వెన్ను

కీళ్ల అరుగుదలను గుర్తించాలంటే ఎముకకు ఎముక రాసుకుని అద్దంలా నునుపెక్కిన మెరుపు కోసం చూడండి. ఆ మెరుపు ఉంటే సందేహం అక్కర్లేదు. అంచున చిన్న పెరుగుదల ఒక్కటే ఉంటే అది వయసు వల్ల కావచ్చు. స్పిటల్‌ఫీల్డ్స్ పాఠం గుర్తుంది కదా, ఒక కీలు అరిగిందని ఒక పనిని దానికి అంటగట్టకండి.

కీళ్ల సాక్ష్యం బాగా పనిచేసిన చోట్ల చాలా గుర్తులు కలిసి ఒకే భంగిమను చూపించాయి. సిరియాలోని అబూ హురేరాలో థేయా మాల్సన్ చూసిన ఎముకల్లో కాలి బొటనవేలి కీళ్లు, మోకాళ్లు, నడుము వెన్నుపూసలు కలిసి దెబ్బతిన్నాయి. వేళ్లు వెనక్కి మడిచి మోకాళ్ల మీద కూర్చుని, ముందుకూ వెనక్కూ ఊగుతూ చేసే పని అన్నది ఆమె అంచనా. అదే ఊరి తవ్వకంలో ధాన్యం నూరే రాళ్లు దొరికాయి. భంగిమ ఎముక చెప్పింది, పని పేరు రాయి చెప్పింది.

వెన్నుపూసల మీద గుంటలు, నడుము పూస వెనక భాగం విడిపోవడం లాంటివి బరువు వల్ల రావచ్చు, పుట్టుకతో వచ్చే బలహీనత వల్ల కూడా రావచ్చు. వాటిని నమోదు చేయండి, వాటి మీద కథ కట్టకండి.

పళ్లు, పళ్ల గార

మనిషి మూడో చెయ్యి నోరు. దారం, తోలు, నార పళ్లతో పట్టి లాగేవాళ్లకు ముందుపళ్ల మీద గాడి పడుతుంది. పొగాకు తాగే మట్టి గొట్టాన్ని పళ్ల మధ్య పెట్టుకునే అలవాటు ఉంటే పైపళ్లు, కిందిపళ్లు కలిసే చోట గుండ్రని ఖాళీ కనిపిస్తుంది. భూతద్దంతో గాడి ఏ దిశలో ఉందో, ఏ పళ్ల మీద ఉందో, రెండు వైపులా ఉందా అన్నది గీసి పెట్టండి. తిండి వల్ల వచ్చే అరుగుదల చాలా పళ్ల మీద పరుచుకుని ఉంటుంది, పని వల్ల వచ్చేది తరచు కొన్ని పళ్ల మీదే ఉంటుంది.

పళ్లు కడగవద్దన్నది గార కోసం. పాచి గట్టిపడి గార కట్టేటప్పుడు నోట్లోకి వచ్చిన ధూళి, పిండి, నార, రంగు అందులో చిక్కుకుపోతాయి. జర్మనీలోని డాల్‌హైమ్‌లో ఒక పాత మఠం శ్మశానంలో 45 నుంచి 60 ఏళ్ల మధ్య వయసు స్త్రీ ఉంది. ఆమె చనిపోయింది 1000–1200 మధ్య. ఆమె పళ్ల గారలో నీలి రేణువులు కనిపించాయి. పరీక్షిస్తే అవి లాపిస్ లాజులి, ఆ రోజుల్లో అఫ్ఘానిస్తాన్ గనుల నుంచి వచ్చే ఖరీదైన రాయి పొడి. 2019లో ఈ ఫలితం వచ్చింది. పరిశోధకులు వెంటనే ఈమె చిత్రకారిణి అని రాసేయలేదు. రంగు వేస్తూ కుంచె మొన నాలుకతో తడుపుకుందా, ఎవరికోసమో రాయి నూరిందా, మందుగా మింగిందా, భక్తితో బొమ్మలను ముద్దుపెట్టుకుందా అని నాలుగు దారులూ పక్కపక్కన పెట్టి తూచారు. గ్రంథాలకు రంగులు వేసిందన్నది ఎక్కువగా పొసిగే వివరణ అన్నారు. ఆమె ఎముకల్లో ఆ పనిని పట్టించే గుర్తులేమీ లేవు. పేరు కూడా మనకు తెలియని ఒక మనిషి పనిని పంటిగార పట్టి ఇచ్చింది. నాకు ఈ రంగంలో అన్నిటికంటే ఇష్టమైన ఉదాహరణ ఇదే. వాదన కట్టే తీరు నేర్చుకోవడానికి కూడా ఇంతకంటే మంచిది లేదు.

చెవి రంధ్రం లోపల కూడా ఒకసారి టార్చ్ వేసి చూడండి. చల్లని నీళ్లలో ఎక్కువగా మునిగేవాళ్లకు చెవి గొట్టంలో చిన్న ఎముక బుడిపెలు వస్తాయి. 2019లో నియాండర్తల్ అనే అంతరించిపోయిన మానవజాతికి చెందిన 23 మంది అవశేషాలు చూస్తే దాదాపు సగంలో ఇవి ఉన్నాయి. నీటి పని గురించి ఆలోచించడానికి అది ఒక కారణం మాత్రమే.

ఒక మనిషి కాదు, గుంపు

ఒక్క అస్థిపంజరం మీద ధీమాగా మాట్లాడటం చాలా అరుదుగా కుదురుతుంది. ఒకే వయసు వర్గంలో పదుల మందిని తీసుకుని, ఈ గుంపుకూ ఆ గుంపుకూ తేడా ఉందా అని అడిగితే ప్రశ్న తేలుతుంది.

గుంపు ఉన్నా పోలిక సరిగ్గా లేకపోతే చిక్కే. తూర్పు యూరప్‌లో దొరికిన సుమారు 5,000 ఏళ్ల నాటి యామ్నాయా అనే సంస్కృతికి చెందినవాళ్ల అస్థిపంజరాల్లో తుంటి గుంట ఆకారం, తొడ ఎముక అతుకులు, వెన్ను మార్పులు చూసి వాళ్లు గుర్రపు స్వారీ చేశారని 2023లో ఒక బృందం ప్రకటించింది. మరుసటి ఏడాది ఇంకో బృందం అవే గుర్తులు బండ్లు తోలడం వల్లా, ఇతర పనుల వల్లా కూడా రావచ్చని, ఎముకలు ఒక్కటే స్వారీకి రుజువు కావని వాదించింది. రెండూ చదవండి. రెండోదే నాకు బలంగా అనిపించింది. ఒక పనికి అన్ని గుర్తులూ సరిపోవడం ఒక ఎత్తు, ఇంకే పనికీ సరిపోకపోవడం ఇంకో ఎత్తు.

1545లో మునిగిన ఇంగ్లండ్ యుద్ధనౌక మేరీ రోజ్ దగ్గర ఆ రెండో షరతు కొంతవరకు కుదిరింది. ఆన్ స్టర్లాండ్ ఆ నావికుల ఎముకలు చూసినప్పుడు భుజం రెక్క కొన అతుక్కోకుండా విడిగా ఉండిపోయిన కేసులు మామూలు కంటే ఎక్కువ కనిపించాయి. ఆ కొన యౌవనంలో అతుక్కోవాలి. అప్పటికే భుజం మీద పదేపదే గట్టి లాగుడు పడితే అతుకు పూర్తి కాకపోవచ్చు. అదే ఓడలో వందకు పైగా పెద్ద విల్లులు, వేల బాణాలు దొరికాయి. చిన్నప్పటి నుంచి విలువిద్య సాధన చేయాలని ఆ దేశంలో చట్టాలు కూడా ఉండేవి. ఎముక, వస్తువు, చట్టం మూడూ ఒకే వైపు చూపించాయి కాబట్టి అక్కడ విలుకాళ్లు అన్న మాట నిలబడింది. అయినా ఫలానా అస్థిపంజరం విలుకాడిదే అని వేలు పెట్టి చూపడం కష్టమే.

రాయడం

రిపోర్టును మూడు వాక్యాల వరసలో రాయడం అలవాటు చేసుకోండి. మొదటి వాక్యం చూసింది, రెండోది కదలిక, మూడోది పని. ఉదాహరణకు: "35–45 ఏళ్ల స్త్రీ, రెండు హ్యూమరస్‌ల బలం ఈ శ్మశానంలోని స్త్రీల సగటు కంటే ఎక్కువ, చేతుల మధ్య తేడా తక్కువ." తర్వాత: "ఎదిగే వయసు నుంచి రెండు చేతులూ కలిపి బలంగా వాడే పని పదేపదే చేసి ఉండాలి." ఆ తర్వాత: "ధాన్యం నూరడం, తెడ్డు వేయడం, నేల తవ్వడం వీటిలో ఏదైనా కావచ్చు. ఇళ్ల తవ్వకంలో నూరుడు రాళ్లు దొరికాయి, చుట్టుపక్కల పడవ నడిచే నీళ్లు లేవు, కాబట్టి మొదటిదానికి మొగ్గు." ఒక్కో వాక్యంలో నమ్మకం ఎలా తగ్గుతోందో చదివేవాళ్లకు తెలియాలి.

సమాధి వస్తువుల జాబితా పక్కన పెట్టమన్నాను కదా, దాన్ని ఇప్పుడు తెరవండి. మీ రెండో వాక్యం రాసేశాకే తెరవాలి. వస్తువులు మీ మూడో వాక్యానికి ఎదురు చెబితే మూడోదాన్ని మార్చండి, మొదటి రెండింటినీ ముట్టుకోవద్దు. స్కోరు షీట్లు, స్కాన్ ఫైళ్లు, వాడిన కోత స్థానం, పక్కన పెట్టిన అస్థిపంజరాల జాబితా అన్నీ రిపోర్టుతో జత చేయండి. పళ్ల గారలో కొంత భాగం వచ్చేవాళ్ల కోసం తీయకుండా వదిలి, ఎముకలను ఏ వరసలో తీశారో అదే వరసలో వాటి పెట్టెలో పెట్టండి.